తొమ్మిదో స్థానంలో పద్నాలుగో రాయి

"శ్రీరాములూ, నేరం అనేది ఈ భూమ్మీద యాడ పుట్టినా, దాని చివరి మజిలీ నా కళ్ళ ముందరే" అన్నాడు చెంగల్రాయుడు, మా కారు ముందు సీట్లో బెల్టు పెట్టుకోవడానికి మూడోసారి ప్రయత్నిస్తూ. "దేవుడు అందరికీ రెండు కళ్ళిచ్చినాడు. నాకూ రెండే ఇచ్చినాడు. మిగతాది నేనే సొంతంగా సాధించుకుంటి."

ఆ మిగతాది ఒక భూతద్దం. మెడలో నల్లతాడుతో వేలాడుతూ ఉంటుంది. మదనపల్లె బస్టాండు దగ్గర అతనికో చిన్న అంగడి ఉంది. బోర్డు మీద జిరాక్స్, లామినేషన్, అపరాధ పరిశోధన అని మూడూ ఒకే సైజు అక్షరాల్లో రాయించాడు. పోయిన ఏడు మా వీధిలో ఒకావిడ పాలు తగ్గిపోతున్నాయని మాటవరసకు అంటే, మూడు రోజులు ఆమె వంటింటి కిటికీ కింద కాపు కాసి, పాలు కాగితే తగ్గుతాయని తేల్చాడు. ఆ ఫైలు మీద ఎర్రసిరాతో 'ఛేదించబడినది' అని రాసి లామినేషన్ కూడా చేశాడు. ఇతను నాకు చిన్ననాటి స్నేహితుడు. స్నేహితుల్ని ఎంచుకునే వయసులో మనకు బుద్ధి ఉండదు. బుద్ధి వచ్చేసరికి వాళ్ళు అలవాటైపోయి ఉంటారు.

నేను టమోటా మార్కెట్ యార్డులో ఒక మండీలో పనిచేస్తాను. మా అమ్మాయి వెన్నెల కుప్పంలో రాళ్ళ చదువు చదువుతోంది. భూగర్భశాస్త్రం అనాలట, నాకు మాత్రం రాళ్ళ చదువే. దాని ప్రాజెక్టు ఏమిటంటే, మదనపల్లె నుంచి పుంగనూరు మీదుగా కుప్పం దాకా కారులో పోతూ రోడ్డు పక్కన కనిపించే రాళ్ళ కథ చెప్పడం. రెండేళ్ళు తిరిగి, ఒక్కో చోట ఒక్కో రాయి కొట్టి, ఇరవై రెండు రాళ్ళు పోగేసింది. ఒక్కోదాని మీద తెల్ల పెయింటుతో నంబరు వేసి, మా మండీ టమోటా క్రేటులోనే పేర్చింది. ఆ మధ్యాహ్నం మూడు గంటలకు కుప్పంలో బయటినుంచి వచ్చిన పరీక్షకుడి ముందు వాటిని పెట్టి జవాబులు చెప్పాలి. ఆ రోజు తప్పితే మళ్ళీ వచ్చే ఏడే.

ఈ సంగతి చెంగల్రాయుడికి ఎవరు చెప్పారో తెలియదు. పొద్దున్నే చలువ కళ్ళద్దాలు పెట్టుకుని మా ఇంటి ముందు నిలబడి, రెండువందల యాభై కోట్ల ఏళ్ళ వయసున్న వస్తువులు రక్షణ లేకుండా ఊరు దాటితే తను ఊరుకోలేనన్నాడు. తనే కారెక్కి కూర్చున్నాడు, ఎంత చెప్పినా దిగలేదు. దిగుదామన్నా బెల్టు అప్పటికే చిక్కుబడిపోయింది.

మృగశిర కార్తె మొదటి వాన ముందురాత్రే పడింది. హార్స్లీ హిల్స్ వెనక్కిపోయి, గుండ్ల మీద గుండ్లున్న కొండలు మొదలయ్యాయి. ఇరవై ఏళ్ళుగా ఆ రోడ్డులో టమోటా లోడ్ల వెంట తిరిగినవాణ్ణి. ఆ గుండ్లను ఎవరో పేర్చినట్టుంది అనుకున్నానే తప్ప ఎందుకట్లా ఉన్నాయో ఒక్కనాడూ అడగలేదు. ఎవరూ పేర్చలేదని వెన్నెల చెప్పింది. అంతా ఒకే రాయట. అది పగిలి, పగిలిన మూలలన్నీ ఎండకూ వానకూ అరిగి, మిగిలినవి గుండ్రంగా తేలాయట. నా బిడ్డ నా ఊరి రాళ్ళ గురించి నాకు చెబుతుంటే సిగ్గూ గర్వమూ రెండూ కలిగాయి.

"అంటే సాక్ష్యాలన్నీ వానకు కొట్టుకోని పోయినాయి" అన్నాడు చెంగల్రాయుడు గంభీరంగా, డైరీలో రాసుకుంటూ.

పుంగనూరు ముందర ఒకచోట కారు ఆపించి, ఎదురుగా కొండను అడ్డంగా కోసుకుంటూ పోతున్న నల్లటి చార చూపించింది. భూమి లోపల కరిగిన రాయి పైకి తన్నుకొచ్చి, తెల్లరాతి పగుల్లోకి దూరి అక్కడే గడ్డకట్టిందట. ఆ తెలుపూ నలుపూ అంటుకున్న చోటు ఒకటి ఇంకా ముందుకు పోతే రోడ్డు పక్కనే ఉండేదని, పోయిన ఏడు అక్కడ కొట్టిన ముక్కే పద్నాలుగో నంబరని చెప్పింది. క్రేటులోంచి తీసి నా చేతిలో పెట్టింది. అర కొబ్బరికాయంత ఉంది. సరిగ్గా సగం తెలుపు, సగం నలుపు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ చోట సిమెంటు గోడ కట్టేశారు కాబట్టి అట్లాంటి ముక్క మళ్ళీ దొరకదు. ప్రాజెక్టంతా దాని మీదే నిలబడి ఉందని వెన్నెల అన్నప్పుడు దాన్ని నేను రెండు చేతులతో పట్టుకున్నాను.

పుంగనూరు దాటాక ఒక అవ్వ రోడ్డు మీద చెయ్యెత్తింది. పేరు బయ్యమ్మ. విత్తన శెనక్కాయలు ఇస్తున్నారట, ముందు ఊర్లో ఉన్న కేంద్రానికి పోవాలంది. వెనక సీట్లో వెన్నెలకూ క్రేటుకూ మధ్య కూర్చుని, వాన పదును మూడు రోజులే ఉంటుందని, ఈరోజు విత్తనాలు దొరక్కపోతే ఈ ఏడు ఎకరా బీడేనని చెప్పింది. రాళ్ళెందుకని అడిగితే చదువుకని వెన్నెల చెప్పింది. ఆమె నమ్మినట్టు లేదు.

విత్తనాల కేంద్రానికి కాస్త ఇవతల రోడ్డు ఒక కొండను కోసుకుని పోతుంది. అక్కడ వెన్నెల చివరి ఫొటోలు తీసుకోవాలంది. నేను టేపు పట్టుకుని దానితో పైకెక్కాను. బయ్యమ్మ అక్కడే దిగి నడిచి పోతానంది. కారుకు కాపలా చెంగల్రాయుడు.

పావుగంటకు మేం దిగొచ్చేసరికి అతను కారుకు ఇరవై అడుగుల దూరంలో రాతిగోడకు ముక్కు ఆనించి నిలబడి ఉన్నాడు. గోడలో పైనుంచి కిందికి వరసగా గుండ్రటి గాడులున్నాయి.

"తూటాలు" అన్నాడు గొంతు తగ్గించి. "ఒక్కోటి నా బొటనవేలి కంటే లావుండాది. ఈడ యుద్ధం జరిగింది శ్రీరాములూ, పేపర్లో రాలేదు."

అవి కొండను పేల్చడానికి మందు కూరే ముందు వేసిన రంధ్రాలని వెన్నెల ఓపిగ్గా చెప్పింది. పేల్చడం అనే మాట వరకే అతను విన్నాడు.

పలమనేరు దాటి వెంకటగిరికోట చేరేసరికి పదిన్నర. టీ అంగడి దగ్గర ఆగాం. వెన్నెల అలవాటు ప్రకారం క్రేటు లెక్క చూసుకుంది. రెండోసారి చూసుకుంది. మూడోసారి రాళ్ళన్నీ కింద పరిచి చూసుకుని, "నాయనా, పద్నాలుగు లేదు" అంది. ముఖంలో నెత్తురు చుక్క లేదు. సీట్ల కింద, డిక్కీలో, నా టవల్లో, అన్నిచోట్లా వెతికాం. లేదు.

చెంగల్రాయుడి ముఖం మాత్రం పెళ్ళికొడుకు ముఖంలా వెలిగిపోయింది. ఎవరూ దేన్నీ ముట్టుకోవద్దన్నాడు. టీ గ్లాసు కూడా ముట్టుకోనివ్వలేదు. నేను కాపలా సమయంలో కారు దగ్గరికి ఎవరైనా వచ్చారా అని నిలదీశాను.

"నా కళ్ళు గప్పి చీమ గూడా పోలేదు" అన్నాడు. "ఒక్క లారీ మాత్రం పోయింది. గ్రానైట్ లారీ. డ్రైవర్ చలువ కళ్ళద్దాలు పెట్టుకోని మన కారు వైపు సూసినాడు. నిజాయితీపరుడు కళ్ళద్దాలు యాల పెట్టుకుంటాడు?"

అతని ముక్కు మీద కూడా అవే ఉన్నాయని నేను గుర్తు చేయలేదు. నాకప్పుడు నవ్వులాటగా లేదు. దురదృష్టం ఏమిటంటే, ఆ లారీ టీ అంగడికి ఎదురుగానే ఆగి ఉంది. చెంగల్రాయుడు రోడ్డు దాటి దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, దొరికిందని చేతులూపాడు. మేం పరిగెత్తాం. లారీ మీద గది అంత గ్రానైట్ దిమ్మెలు రెండున్నాయి. ఒకదాని మీద ఎర్ర పెయింటుతో పద్నాలుగు అని రాసి ఉంది.

డ్రైవర్ ఎల్లప్ప ఇడ్లీ తింటున్నాడు. చెంగల్రాయుడు అతనికి తన కార్డు చూపించి, ఆట ముగిసిందని, పద్నాలుగో నంబరు రాయి మర్యాదగా అప్పగిస్తే శిక్ష తగ్గేలా చూస్తానని చెప్పాడు. ఎల్లప్ప కార్డును వెనకా ముందూ చూశాడు. వెన్నెల ముఖం చూశాడు. మా కారు చూశాడు.

"తీసుకోప్పా" అన్నాడు. "పన్నెండు టన్నులుంటాది. దించుకోని పో."

వెన్నెల అరచెయ్యి చూపించి, మాది ఇంత రాయన్నా అంటూ గుర్తులు చెప్పింది. ఎల్లప్ప జాలిపడ్డాడు. దారిలో అట్లాంటిది చూడలేదన్నాడు. ఈ చెల్లెలి చదువు ఎట్లాగూ కుప్పంలోనే కాబట్టి కుప్పం రాయి ఏదైనా ఒకటి కొట్టిస్తానని కూడా అన్నాడు. వెన్నెల కారెక్కి కూర్చుని ఏడ్చింది. చిన్నప్పుడు మోకాలు పగిలినా ఏడవని పిల్ల. అప్పుడు నేను చెంగల్రాయుణ్ణి అనకూడని మాటలన్నీ అన్నాను. అతను నీళ్ళ సీసా తీసుకున్నాడు గానీ మూత తీయడం మరిచిపోయాడు.

మిగిలింది ఒకటే దారి, ఆగిన చోటికల్లా వెనక్కి పోయి చూడటం. కారు తిప్పాను. కొండ కోత దగ్గరికి చేరేసరికి పన్నెండుకు పదినిమిషాలు తక్కువ. మళ్ళీ కుప్పం చేరాలంటే రెండు గంటలు పడుతుంది. వెన్నెల గట్టు మీద, నేను రోడ్డు పక్క కాలవలో వెతకసాగాం. పొద్దున కారు ఆపిన చోట చెంగల్రాయుడు తడిమట్టిలో అడుగుజాడలు కనిపెట్టాడు. హవాయి చెప్పులవి. నడుము వంచి, భూతద్దం నేలకు జానెడు ఎత్తులో పట్టుకుని, ఆ జాడల వెంట రోడ్డు వారగా సాగిపోయాడు. అవి తన చెప్పుల జాడలేనని తరవాత తేలింది. పొద్దున కాపలా వదిలేసి టీ కోసమని విత్తనాల కేంద్రం వైపు నడిచి, అంగడి మూసి ఉంటే తిరిగొచ్చాడట.

అతను తలెత్తలేదు. తలెత్తి ఉంటే కేంద్రం గేటు కనపడేది. గేటు నుంచి రోడ్డు వారగా బారుగా పేర్చిన నలభై రాళ్ళు కనపడేవి.

మా వైపు పల్లెల్లో ఇది తెలియనివాడు లేడు. విత్తనాలకైనా ఎరువులకైనా క్యూలో మనిషి నిలబడడు, మనిషి పేరు మీద ఒక రాయి నిలబడుతుంది. రాయి దొరక్కపోతే చెప్పు, చెప్పు మీద బరువుకు ఒక గులకరాయి. మనుషులు చెట్టు నీడన కూర్చుని కబుర్లాడుతుంటారు. బండి రాగానే ఎవరి రాయి దగ్గర వాళ్ళు నిలబడతారు. ఒకరి రాయిని ఇంకొకరు ముట్టుకోరు. ఊళ్ళో గొడవలున్నవాళ్ళు కూడా ముట్టుకోరు.

చెంగల్రాయుడు ఆ వరసలోకి నడుము వంచి నడిచాడు. మొదటి రాయి తగిలి తూలాడు, తూలినవాడు ఆపుకోవడానికి పరిగెత్తాడు, పరిగెత్తినవాడు పాతిక రాళ్ళను నాలుగు దిక్కులకూ తన్ని, చివరికి కాలవ గట్టు మీద చతికిలబడ్డాడు. చెట్టు కింద కబుర్లు ఆగిపోయాయి. సరిగ్గా అప్పుడే విత్తనాల బండి మలుపు తిరిగింది.

మేం పరిగెత్తుకుంటూ పోయేసరికి నలభైమంది అతని చుట్టూ ఉన్నారు. నేను ముందంటే నేను ముందని అప్పుడే మొదలైంది. కేంద్రంలో పనిచేసే మునికుమార్ అనే కుర్రాడు బయటికొచ్చి, వరస తేలేదాకా గేటు తెరవనని చెప్పి తాళం జేబులో వేసుకున్నాడు. చెంగల్రాయుడు కూర్చున్నచోటే ఉండి, ఇదంతా ఒక ముఠా పన్నిన పన్నాగమని, రోడ్డు మీద రాళ్ళు పరిచి తనను ఆపాలని చూశారని ప్రకటించాడు. ఎవరో అతని కాలర్ పట్టుకున్నారు.

ఆ గోలలో ఒక సన్నటి గొంతు వినిపించింది. బయ్యమ్మ వంగి వంగి వెతుకుతోంది.

"నా రాయి యాడ పోయింది? సగం తెలుపు, సగం నలుపు. మీద నంబరు గూడా రాసిండాది."

వెన్నెల నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. కాలర్ పట్టుకున్నవాడు చెంగల్రాయుణ్ణి పైకి లాగాడు. అతను కూర్చున్నచోట, తడిమట్టిలో సగం దిగబడి, పద్నాలుగో నంబరు రాయి ఉంది.

నలుగురూ విననీ అని బయ్యమ్మే అంతా చెప్పింది. పోయినసారి ఆమె రాయీ పక్కామె రాయీ ఒకే మాదిరిగా ఉండి, ఆమె జాగా పోయింది. ఈసారి అట్లా కాకూడదనుకుంది. కారులో ఈ రాయి చూసింది. రెండు రంగులు, పైగా నంబరు, ఇది నాదని ఇంకొకరు అనలేరు. అయినా దొంగతనంగా తీయలేదు.

"ఈయప్పనే అడిగితి" అంటూ చెంగల్రాయుడి వైపు చెయ్యి చూపింది. "ఒక రాయి తీసుకుంటానప్పా, మళ్ళీ ఇచ్చేస్తా అంటి. గోడలోంచి తల తియ్యకుండానే, తీసుకోమ్మా, యాడ సూసినా రాళ్ళే గదా అనె."

చెంగల్రాయుడు మెడలోని భూతద్దాన్ని చొక్కా లోపలికి తోసుకున్నాడు. తన జీవితంలో ఒక కేసు ఇంత పూర్తిగా తేలిపోవడం అతను ఎన్నడూ చూసి ఉండడు.

వెన్నెల రాయి అందుకోబోయింది. బయ్యమ్మ దాని మీద చెయ్యేసింది. మా పరీక్ష సంగతి విని నొచ్చుకుంది గానీ, చెయ్యి మాత్రం తీయలేదు. పొద్దుటి నుంచి తనది తొమ్మిదో జాగా అనీ, రాయి లేస్తే జాగా పోతుందనీ అంది. ఆమెది తొమ్మిది కాదు, రాయి మీదే పద్నాలుగని రాసి ఉంది కదా అని వెనకనుంచి ఇద్దరు అందుకున్నారు. బండిలో వచ్చినవి తక్కువ బస్తాలు. పద్నాలుగో మనిషికి అందుతాయో లేదో ఎవరికీ తెలియదు. ఎకరా బీడు అన్న ఆ ముసలామె మాట నాకు గుర్తుంది. నా బిడ్డ ఏడాది ఒక చేతిలో, ఆమె ఏడాది ఇంకో చేతిలో ఉన్నట్టయింది. న్యాయం ఎటుందో నాకు నిజంగా పాలుపోలేదు.

వెన్నెల కళ్ళు తుడుచుకుని నేల మీద మోకాళ్ళ మీద కూర్చుంది. వాన తడికి ఎర్రమట్టి మెత్తగా ఉంది. పొద్దుటి నుంచీ బరువు మోసిన ప్రతి రాయీ తన అడుగు ముద్ర అక్కడ దింపి పోయింది. రాళ్ళు చెదిరాయి గానీ ముద్రలు చెదరలేదు. మూడు మూలల రాయి మూడు మూలల గుంటలో, చప్పిడి రాయి చప్పిడి గుంటలో, ఒక్కోటీ తిప్పి తిప్పి ఆనించి చూస్తూ పోయింది. సరిగ్గా కూర్చున్నప్పుడు చూసేవాళ్ళందరూ తలాడించారు. పద్నాలుగో నంబరు రాయి తొమ్మిదో గుంటలో గింజ తొక్కలో దిగినట్టు దిగింది. వెనకనుంచి అరిచిన ఇద్దరూ ఇంక మాట్లాడలేదు. పరిశోధన అంటే ఇదీ అని చెంగల్రాయుడికి చెబుదామనుకున్నాను గానీ, అతను కూడా మోకాళ్ళ మీద కూర్చుని, భూతద్దం వాడకుండా చూస్తున్నాడు.

ఇంక రాయి సంగతి మిగిలింది. దానికి బదులు ఇంకో రాయి పెడతామంటే ఊరు ఒప్పుకోలేదు. ఒకసారి మారిస్తే రేపు అందరూ మారుస్తారన్నారు. రాయికి బదులు మనిషి నిలబడితే అభ్యంతరం లేదని మునికుమార్ తీర్పు చెప్పాడు. బయ్యమ్మ తన మోకాళ్ళు చూపించింది. అందరం చెంగల్రాయుడి వైపు చూశాం.

అతను చలువ కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. వెన్నెల రాయి ఎత్తగానే, ఎనిమిదో రాయికీ పదో రాయికీ మధ్య ఆ గుంటలో రెండు పాదాలూ పెట్టి నిలబడ్డాడు. బండి దించడానికి ఇంకో గంట పడుతుంది కాబట్టి మిగతావాళ్ళు మళ్ళీ చెట్టు నీడకు పోయారు. నడినెత్తిన ఎండ కాస్తోంది. నేను కారు తిప్పుతూ అద్దంలో చూస్తే, ఆ బారులో నిలువుగా ఉన్నది అతనొక్కడే.

కుప్పం రెండూ నలభైకి చేరాం. పరీక్షకుడు పెద్దాయన, తక్కువ మాటల మనిషి. పద్నాలుగో రాయిని తిప్పి చూసి, అడుగున ఈ తడిమట్టి ఎక్కడిదని అడిగాడట. వెన్నెల దాచలేదు, క్యూ దగ్గర్నుంచి గుంటల దాకా అంతా చెప్పేసింది. ఆయన కళ్ళజోడు తీసి చాలాసేపు నవ్వి, ఇంక అడగాల్సిన ప్రశ్నలు లేవన్నాడట. అది బయటికొచ్చి పాసయ్యాను నాయనా అన్నప్పుడు నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ రాళ్ళు మోసిన చేతులు రెండూ పట్టుకున్నాను.

తిరిగి విత్తనాల కేంద్రం దగ్గరికి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. గేటు మూసి ఉంది. చెంగల్రాయుడు కాలవ గట్టు మీద కూర్చుని ఉన్నాడు. ముఖం, మెడ కమిలిపోయి టమోటా రంగు తేలాయి. పక్కన బయ్యమ్మ, ఆమె పక్కన విత్తనాల బస్తా. మా కారు కనపడగానే లేచొచ్చి, తన ప్రతాపం ఏమీ చెప్పుకోకుండా, వెన్నెలను ఒక్కమాటే అడిగాడు.

"ఏమనిరి పాపా?"

పాసయ్యానని చెప్పింది. అతను తలూపి, మళ్ళీ ఊపి, "తప్పు నాదే పాపా" అన్నాడు. వెన్నెల నవ్వి, పద్నాలుగో రాయి కుప్పంలోనే అద్దాల బీరువాలో పెడతారట మామా అంది. ఆ ముక్కతో అతనికి సగం ప్రాణం వచ్చింది. తెలివైన నేరస్థుణ్ణి పట్టడానికి ఒక్కోసారి ఎర వేయాల్సి వస్తుందని మిగతా సగంతో మొదలుపెట్టబోయాడు గానీ, నా ముఖం చూసి ఆగిపోయాడు.

బస్తా డిక్కీలో వేసి బయ్యమ్మను ఆమె ఊర్లో దించాం. ఈయన ఎట్లా నిలబడ్డాడని నేను అడిగాను.

"నా రాయి మాట్లాడేది గాదు, ఈయప్ప మాట్లాడతానే ఉండె" అంది ఆలోచించి. "మిగతాదంతా బాగానే నిలబడినాడు. నీడకు పిలిస్తే గూడా కదల్లేదు."

బస్తా ఇంట్లో పెట్టించుకుని మళ్ళీ కారు దగ్గరికి వచ్చింది. కిటికీలోంచి చెంగల్రాయుడి వైపు వంగింది.

"ఎల్లుండి ఎరువులిస్తారంటప్పా. జనం శానా వస్తారు. నువ్వొస్తావా?"

అంగడి పెట్టి పదిహేడేళ్ళు. జిరాక్స్ కోసం కాకుండా, అతని కోసమే, అతన్నే కావాలని ఒక మనిషి అడగడం అదే మొదలు. చెంగల్రాయుడు డైరీ తీశాడు. ఎల్లుండి పేజీ తిప్పాడు. తెల్లగా ఉన్న ఆ పేజీని పై నుంచి కింది దాకా చాలాసేపు పరిశీలించాడు.

"ఎన్ని గంటలకమ్మా?" అన్నాడు.